పోస్టర్ వద్దన్న అమ్మాయి

పంటల పురుగుల మీద పరిశోధన చేసేవాళ్ల సంఘానికి ఆఫీసు ఎక్కడుండాలో మాది అక్కడే ఉంది. గుంటూరులో ఒక పురుగుమందుల షాపు పైన రెండు గదులు. కింద మందు అమ్ముతుంటారు. ఆ మందు ఎంత కొట్టాలో, ఎప్పుడు మానాలో చెప్పే పత్రికను పైన మేం అచ్చు వేయిస్తుంటాం. షాపాయన మంచివాడు, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మమ్మల్ని తప్పు పట్టలేదు. మా పత్రిక ఆయన చదవడు మరి.

ఆ ఆఫీసుకు మేనేజర్ని నేను. అంతకుముందు మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేశాను. బస్తాలు, లారీలు, హమాలీల మధ్య గొంతు పెంచకపోతే అక్కడ పని జరగదు. ఆ గొంతునే ఇక్కడికీ తెచ్చుకున్నాను. "మేడమ్ మాట్లాడితే ఫోన్ అక్కర్లేదు, కిటికీ తెరిస్తే చాలు" అని మా ప్రొఫెసర్లు చాటుగా అనుకుంటారట. అనుకోనీ, నాకేం.

సంఘమంటే బయటివాళ్లకు సదస్సులు, శాలువాలు, గ్రూపు ఫొటోలు. నాకు మాత్రం చిరునామా మారిందని చెప్పని సభ్యుడి పత్రిక పోస్టులో తిరిగి రావడం. ప్రసంగం ఇంకా చెయ్యనే లేదు, అప్పుడే సర్టిఫికెట్ వాట్సాప్‌లో పెట్టమని ఒకాయన. పోయినేడు ఇచ్చిన సంచీకి జిప్పు ఊడిపోయిందని ఈ ఏడు ఫోన్ చేసిన ఇంకొకాయన. "మేడమ్, నా పేరు ముందు డాక్టర్ అని పడలేదండీ" అని పొద్దున్నే, నేను ఇంకా కాఫీ అయినా తాగకముందే, మరొకాయన. ఒళ్లు మండిపోతుంది. అయినా వీళ్లంటే నాకు గౌరవం. ఏం చెప్పమంటారు, ఎండలో మిరప చాళ్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో పువ్వునూ తెల్ల కాగితం మీద దులిపి, కంటికి ఆనని పురుగుల్ని భూతద్దంతో లెక్కబెట్టేవాళ్లు వీళ్లు. ప్యాంటుకు అంటిన నల్లమట్టితోనే మా ఆఫీసు మెట్లెక్కుతారు. ఆ మట్టి చూస్తే నా కోపం సగం పోతుంది. మిగతా సగం ఊడ్చేటప్పుడు వస్తుందనుకోండి.

ఏటా మా సదస్సు ధనుర్మాసంలోనే పెడతాం. శాస్త్రీయమైన కారణమేమీ లేదు. ఆ నెలలో పెళ్లిళ్లుండవు కాబట్టి కల్యాణ మండపం చవగ్గా దొరుకుతుంది. అది నేను కనిపెట్టిన సూత్రమే. "శూన్యమాసంలో సదస్సేంటండీ" అని మొదట్లో ఒక కీటక శాస్త్రవేత్తే నసిగాడు. "మనమేం తాళి కట్టబోవట్లేదుగా సార్" అన్నాను.

సదస్సులో నా పని ఇంకొకటుంది, గంట కొట్టడం. ఒక్కొక్కరికి పది నిమిషాలు. కాసేపట్లో ముగించమని ఒక గంట, ఆపమని ఇంకో గంట. మొదట్లో ఎవరింట్లోదో పూజగంట తెచ్చి కొట్టేవాళ్లం. అది మోగగానే ముందు వరసలో ఒకాయన కళ్లు మూసుకుని దండం పెట్టేవాడు. అది మాన్పించి, పట్నంబజారులో బల్లమీద నొక్కే గంట కొనుక్కొచ్చాను. నా గంటకు పెద్దా చిన్నా లేదు. ఒకసారి ఎక్కడి నుంచో వచ్చిన గొప్ప అతిథి, గంట మోగితే ఉరిమి చూసి, "నేనెవరో తెలుసా" అన్నాడు. "తెలుసండి, మీ పేరు కార్డు నేనే రాశాను" అని మళ్లీ నొక్కాను. మా అధ్యక్షుడు, రిటైరైన ప్రొఫెసరు, పెద్దాయన, కండువా అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆయన అధ్యక్షోపన్యాసానికీ గంట కొట్టిన దాన్ని నేను.

ఆ ఏడు సదస్సుకు ముందు ఒక అమ్మాయి ఆఫీసుకొచ్చింది. సత్తెనపల్లి దగ్గర పల్లె. మిరప మీద పడ్డ నల్ల తామర పురుగు గురించి పీహెచ్‌డీ చేస్తోంది. మాకు ఆమె పేరు తెలుసు, గొంతు తెలియదు. ఎందుకంటే అప్పటిదాకా ఆమె పరిశోధనను ఎప్పుడూ పోస్టరుగానే ఒప్పుకున్నారు. పోస్టరంటే, చేసిన పనంతా ఒక పెద్ద షీటు మీద అచ్చు వేయించి మండపం వరండాలో అట్టకు అంటించడం. పక్కన నిలబడితే చాలు, వేదికెక్కి మాట్లాడక్కర్లేదు.

"కూర్చోమ్మా, ఏం కావాలి?" అన్నాను.

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. మెడ నరం కదులుతోంది, పెదవులు కలిసి విడిపోతున్నాయి. నత్తి. నాకసలే ఓపిక తక్కువ. "సర్టిఫికెట్టా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. "పోస్టరు సైజు తెలియాలా?" మళ్లీ కాదంది. మూడోది అడగబోయేసరికి చెయ్యెత్తి, "మీరు ఆగండి మేడమ్, నేను చెప్తాను" అంది. ఆ ఒక్క వాక్యమూ ఎక్కడా తట్టుకోకుండా వచ్చింది. చాలామందికి చెప్పి చెప్పి నలిగిన వాక్యమనుకుంటాను. నన్ను నా ఆఫీసులో నోరుమూసుకోమన్న మొదటి మనిషి ఆ అమ్మాయే. చురుక్కుమంది, నిజమే. వెంటనే ముచ్చటేసింది కూడా.

ఆగాను. మెల్లగా, తట్టుకుంటూ, తాను అడగదలిచింది అడిగింది. ఈసారి తనకు పోస్టర్ వద్దు. వేదిక మీద అందరిలాగే పది నిమిషాలు కావాలి.

"ఎందుకమ్మా? పోస్టరుకూ సర్టిఫికెట్ అదేగా" అన్నాను, ఆఫీసు మనిషిని కాబట్టి.

"పోస్టర్ దగ్గర నన్నెవరూ ఏమీ అడగరండి" అంది. "పక్క పోస్టర్ల దగ్గర పోట్లాడుకుంటారు. లెక్క తప్పంటారు, ఆ పురుగు అది కాదంటారు. నా దగ్గరికొచ్చి వెరీ గుడ్ అమ్మా అని వెళ్లిపోతారు. నేను జవాబు చెప్పాల్సొస్తుందని వాళ్లకు భయం. నా పని మంచిదో కాదో నాకెట్టా తెలుస్తుంది?"

ఇది చెప్పడానికి ఆమెకు ఎంతసేపు పట్టిందో నేను చూసుకోలేదు. వాళ్ల నాన్న చర్చిలో పాస్టరని, ఆదివారం మైకు లేకుండానే ఊరంతటికీ వినపడతాడని కూడా చెప్పి నవ్వింది. నాకు ఆ పిల్ల భలే నచ్చింది.

మా కార్యదర్శికి ఫోన్ చేశాను. ఆయన నెమ్మదస్తుడు, ఎవరినీ నొప్పించడు, అదే ఆయనతో వచ్చిన చిక్కు. "అయ్యో, ఎందుకు మేడమ్, పాపం, అందరి ముందూ ఇబ్బంది పడుతుంది. పోస్టరే ఇద్దాం" అన్నాడు. "ఇబ్బంది పడేది ఆవిడ గదా సార్, మీరెందుకు పడుతున్నారు" అన్నాను. కాస్త గట్టిగానే అన్నానేమో, కింద షాపాయన తలెత్తి చూశాడట. చివరకు సరేనన్నాడు, కావాలంటే ఇంకో పది నిమిషాలు ఎక్కువ ఇద్దామన్నాడు. ఆ మాట ఆమెకు చెప్తే మొహం ఎర్రబడింది. "వద్దండి. అందరికీ ఎట్టా కొడతారో నాకూ అట్టానే కొట్టండి గంట. మాటివ్వండి" అంది. ఇచ్చాను.

సదస్సు రోజున కల్యాణ మండపంలో పెళ్లికుర్చీలు వెనక్కి నెట్టించి తెర కట్టించాను. ఫొటోగ్రాఫరు అలవాటు కొద్దీ ప్రొఫెసర్లను "కొంచెం దగ్గరికి జరగండి సార్, నవ్వండి" అంటున్నాడు. చివరి వరసల్లో రైతులు కూర్చున్నారు. ప్రతి ఏడూ కొంతమంది మంచి రైతులను పిలిచి శాలువా కప్పుతాం. శాలువా మధ్యాహ్నం, ప్రసంగాలు పొద్దున. మధ్యలో పాపం వాళ్లకు కునుకు తప్ప వేరే పని ఉండదు.

ఆ అమ్మాయి వంతు వచ్చింది. వేదికెక్కి మైకు సరిచేసుకుని, "మిరప" అనబోయి ఆ మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. హాలంతా ఏం చెయ్యాలో తెలియక ఎవరి ఫోన్ వాళ్లు చూసుకోసాగారు. కొందరు తప్పటడుగులేసే పసిపిల్లను చూసినట్టు నవ్వుతూ చూస్తున్నారు. ఆమె మాత్రం తలదించలేదు. ఆగిన చోట ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ అందుకుంది. పురుగు పూతలో ఎట్టా దాక్కుంటుందో బొమ్మలు చూపించింది. మందు మీద మందు కొట్టిన చేలల్లో, ఆ పురుగును తినే మిత్ర పురుగులే ముందు చచ్చిపోతున్నాయని చెప్పింది. నేను ఆమెను చూస్తూ గడియారం చూడటం మరిచిపోబోయాను. మొదటి గంట కొట్టాను. ఉలిక్కిపడలేదు, తలూపి కొనసాగించింది.

కార్యదర్శి నా కుర్చీ వెనక్కొచ్చి వంగి, "మేడమ్, ఈ ఒక్క అమ్మాయికి చూసీచూడనట్టు పోండి. మీకు దణ్ణం పెడతాను" అన్నాడు. ఆమె అప్పుడే చివరి బొమ్మ దగ్గరకొచ్చింది. రైతు ఏం చెయ్యాలన్నది అందులో ఉంది. నా వేలు గంట మీద ఉంది. కొడితే పాపిష్ఠిదాన్ని, కొట్టకపోతే మాట తప్పినదాన్ని. ఆ క్షణం ఆ గంట కొన్న రోజును తిట్టుకున్నాను. కొట్టాను.

"అయ్యో, వదిలెయ్యండి మేడమ్!" అని వెనక నుంచి ఎవరో ఆడగొంతు. ఆమె మాత్రం, వాక్యం మధ్యలో ఉన్నదల్లా, అక్కడే ఆపేసింది. "థ్యాంక్యూ" అంది. అంతే.

చప్పట్లు మోగాయి. ఎంతసేపని! పొద్దుటి నుంచీ మాట్లాడిన ఎవరికీ అన్ని చప్పట్లు పడలేదు. అవి విని నాకు కడుపు రగిలిపోయింది, ఎందుకంటే అవి ఆమె పరిశోధనకు కొట్టినవి కావు. "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అని అధ్యక్షుడు అడిగాడు. ఎవరూ లేవలేదు. కాసేపటికి ఒక ప్రొఫెసరు లేచి, "ప్రశ్న కాదు, అభినందన. వెరీ గుడ్ అమ్మా" అని కూర్చున్నాడు. ఆమె మొహంలో అప్పటిదాకా ఉన్న వెలుగు తగ్గిపోయింది. కాగితాలు సర్దుకోసాగింది. నేనే లేచి ఏదైనా అడుగుదామా అనుకున్నాను. పురుగుల గురించి నాకేం తెలుసు, నా ఖర్మ.

అప్పుడు చివరి వరసలోంచి ఒక రైతు లేచాడు. పల్నాటి వైపు మనిషి, భుజాన తువ్వాలు. మైకు ఆయన దగ్గరకు చేరనే లేదు, ఆయనకు అవసరమూ లేదు.

"ఏవమ్మాయ్, అసలు ముక్క చెప్పకుండా దిగిపోతావేంది? మందు ఎక్కువ కొడితే మంచి పురుగు ముందు చచ్చిద్దన్నావ్. బాగానే ఉంది. మరి నన్నేం చెయ్యమంటావ్? నా చేను ఇప్పుడు పూత మీదుంది."

ఆమె కాగితాలు కింద పెట్టింది. నా గంట ప్రసంగానికే, ప్రశ్నలకు కాదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్క చేలోంచి వచ్చే పురుగుకు అడ్డంగా గట్ల వెంట జొన్న వేసుకోమంది ఆమె. చేలో నీలం జిగురు అట్టలు కట్టి, పురుగు ఎంతుందో చూసుకుంటూ, మందుకూ మందుకూ మధ్య ఎడం ఇమ్మంది.

"అట్టా కుదరదమ్మాయ్!" అన్నాడాయన. "నేను ఆపితే పక్క చేనోడు ఆపుతాడా? వాడు కొట్టినప్పుడల్లా పురుగు లేచి నా మీదికే వచ్చిద్ది. నువ్వు యూనివర్సిటీ చేలో చూసి చెప్తే సరిపోయిద్దా?"

"యూనివర్సిటీ చేను కాదు!" అంది ఆమె. కోపం వచ్చింది. కోపంలో నత్తి ఇంకా ఎక్కువైంది. ఆమెకు ఆ ధ్యాసే లేదు. "మా బాబాయ్ కౌలుకు చేసే చేనది. పక్క చేనాయన రోజూ మందు కొట్టేవాడు. అయినా..." మాట తట్టుకుంటే బల్ల మీద చేత్తో చరిచి మళ్లీ అందుకుంది. రైతు జాలిగా ఏమీ చూడటం లేదు. నడుం మీద చెయ్యేసుకుని, ఆమె ముగించగానే వెయ్యాల్సిన తర్వాతి ప్రశ్న సిద్ధం చేసుకుంటున్నాడు. ఆయన పక్కనున్న ఇంకో రైతు లేచి, "ఆ అమ్మాయి చెప్పేది నిజమే, నువ్వుండు" అని ఆయన్ని కసిరాడు. ఫోన్లు చూసుకునేవాళ్లు తలలెత్తారు. అభినందించిన ప్రొఫెసరు కూడా కుర్చీలో ముందుకు జరిగి, "ఆ జొన్న ఎన్ని వరసలు?" అని అడిగేశాడు.

కార్యదర్శికి ఇక ఉండబట్టలేదు. గబగబా వేదికెక్కి, రైతు వైపు చేతులు జోడించి, "చాలు బాబాయ్, చాలు. పాపం, ఆ అమ్మాయిని ఇబ్బంది పెట్టకండి. భోజనాలకు వెళదాం" అన్నాడు.

ఆమె మైకు పట్టుకుని ఆయన వైపు తిరిగింది. మొదటి మాట గొంతులోనే చాలాసేపు చిక్కుకుంది. ఈసారి ఎవరూ ఫోన్ చూసుకోలేదు.

"ఆపకండి సార్," అంది. "ఆయన నాతో పోట్లాడుతున్నారు."