బోరింగు దగ్గర మొదలయ్యే దారి

అమ్మమ్మకు పొద్దున తిన్నది సాయంత్రానికి గుర్తుండదు. నా పేరైతే ఎప్పుడో పోయింది. కానీ నెల రోజులుగా ఒకటే మాట: "రొట్టె పెట్టే ఆమెను ఒక్కపారి చూడాలె." ఇచ్చోడ దగ్గరి ఊళ్లో అమ్మమ్మ ఇరవై ఏళ్లు నర్సుగా ఇల్లిల్లూ తిరిగి పోలియో చుక్కలు వేసింది. అప్పుడు అక్కడ రొట్టె పెట్టిన స్నేహితురాలి పేరు ఆమెకు గుర్తు లేదు. ముఖం కూడా చెరిగిపోయేలోగా ఒకసారి చూపించాలని బయలుదేరాను.

మెట్‌పల్లిలో ఆరున్నరకు బస్సెక్కి, ఆర్మూర్‌లో, నిర్మల్‌లో మారితే పదిన్నరకు ఇచ్చోడ చేరాం. ఆధార్ కార్డు ఉంటే ఎక్స్‌ప్రెస్ బస్సుల దాకా ఆడవాళ్లకు ఉచితమే. అక్కడి నుంచి ఊరికి ఆటో, రానుపోను నాలుగు వందలు.

"ఎవలింటికి అక్కా?" అన్నాడు డ్రైవర్.

"రొట్టె పెట్టే ఆమె ఇంటికి," అంది అమ్మమ్మ.

"మా దిక్కు రొట్టె పెట్టనిదెవలు అవ్వా?"

కొత్త సిమెంటు రోడ్డు మీదుగా తెచ్చి ఊరి నడుమ దించాడు. అమ్మమ్మ నాలుగు దిక్కులూ చూసి నా చున్నీ పట్టుకుంది. "గిది కాదు బిడ్డా. నన్ను యాడికో తెచ్చినవ్." అనవసరంగా తెచ్చానేమో అనిపించింది.

అప్పుడు అమ్మమ్మను చూసే డాక్టర్ మాట గుర్తొచ్చింది. కొత్త జ్ఞాపకాలను, దారుల పటాన్ని దాచేది మెదడు లోతున ఉండే హిప్పోకాంపస్ అనే చిన్న భాగమట. ఈ మతిమరుపు జబ్బు ముందు దాన్నే తింటుంది. వేలసార్లు నడిచిన మలుపులు మాత్రం అలవాటుగా మారి ఇంకోచోట ఉంటాయి, చాన్నాళ్లు నిలుస్తాయి. అలవాటును నడుమ నుంచి అందుకోలేం, మొదటి నుంచి పోవాలి.

"అమ్మమ్మా, చుక్కలెయ్యనీకి యాడికెంచి మొదలువెడుతుంటివి?"

"బోరింగు కాడికెంచి," అంది, ఇది కూడా అడగాలా అన్నట్టు.

మళ్లీ ఆటో ఎక్కి, బోరింగు ఎక్కడని డ్రైవర్‌ను అడిగి అక్కడికి పోయాం. ఆ చేతిపంపుకు ఇప్పుడు పిడి లేదు. ఆటో దిగగానే అమ్మమ్మ ఎడమ చెయ్యి గోడకు ఆనించి నడక మొదలుపెట్టింది. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, ఒకప్పుడు సుద్దముక్కతో వేసిన గుర్తును ఉత్త వేలితో గీసింది: ఇంటి నంబరు, పక్కింటి వైపు బాణం. గోడలు పోయి గేట్లు వచ్చినచోట చెయ్యి గేటు మీదుగా జారింది. సందు చీలినచోట తల కూడా ఎత్తలేదు.

చివరి ఇంటి దగ్గర బాణం గీయలేదు. "అయిపోయింది. ఇగ తినాలె."

వాకిట్లో కందులు చెరుగుతున్న ముసలావిడ తలెత్తింది. "ఏం నర్సమ్మా, గిన్నేండ్లకు ఆకలైందా?"

అమ్మమ్మ ఆమె పక్కన కూలబడింది. "నీ పేరు మర్శిన."

"తుల్జాబాయిని. నువ్వెన్నడు నన్ను పేరుతోని పిలిచినవ్? రొట్టె అయ్యిందా అనుకుంట వస్తుంటివి."

జొన్నరొట్టె, వెల్లుల్లి కారం పెట్టింది. ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారు.

తిరుగు ప్రయాణంలో అమ్మమ్మ "నువ్వెవలు బిడ్డా?" అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ చెప్పాను. మెట్‌పల్లి దాకా ఆమె ఎడమ చెయ్యి మాత్రం నా భుజం మీదే ఉంది, గోడకు ఆనించినట్టు. పేరు లేకపోయినా నేనూ ఆమె దారిలో ఎక్కడో ఉన్నాననుకున్నాను.

మరుపున్న పెద్దవాళ్లను పాత ఊరికి తీసుకెళ్తే ఆటోను ఇంటిదాకా పోనివ్వకండి. వాళ్లు నడక మొదలుపెట్టే చోట దించి, మీరు వెనక నడవండి.