చేతులు ఊనకుండా లేచిన శాలన్

పెళ్ళి పంక్తిలోంచి లేవలేకపోయిన ఆడదాన్ని చూసి నవ్వడం ఎంత తేలికో! ఆ పంక్తికి చీకటితోనే లేచి రొట్టెలు కాల్చింది ఎవరన్నది నవ్వేవాళ్ళకి అక్కర్లేదు. కొల్హాపూర్‌లో రంకాళ చెరువు పక్క గల్లీలో ఉండే శాలన్ మగ్‌దూమ్‌కి ఆడపడుచు కూతురి పెళ్ళిలో జరిగింది అదే. అందరికీ వడ్డించి, చివరి పంక్తిలో నేలమీద కూర్చుని నాలుగు ముద్దలు తిని లేవబోయింది. కాళ్ళు మాట వినలేదు. ఇద్దరు చెరోపక్కా పట్టుకుని లాగారు. పందిట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్న ఆమె మొగుడు హిందూరావ్ వస్తాదు, "జాగ్రత్తరా, బస్తా చిరుగుతుంది" అన్నాడు. పందిరంతా నవ్వింది.

ఆ నవ్వునైనా ఆమె మింగేసేదే. మింగడం అలవాటే. కానీ ఇంటికొచ్చాక ఆయన, ఇక పండరి నడక మాట ఎత్తొద్దన్నాడు. అది మాత్రం గొంతు దిగలేదు.

ఏటా తొలి ఏకాదశికి ముందు ఆ గల్లీ నుంచి భజన జట్టు ఒకటి పండరిపురానికి కాలినడకన పోతుంది. దాన్ని దిండి అంటారు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ శాలన్ ఆ దిండికి రొట్టెలు మూటలు కట్టి ఇస్తూనే ఉంది. అత్తగారు పోయి, పిల్లల పెళ్ళిళ్ళయి, చేతులు కాస్త ఖాళీ అయ్యాక, వచ్చే ఏడు నేనూ నడుస్తానంది. అడిగిందల్లా అదొక్కటే.

దిండి పెద్ద తాత్యా ఖోత్ దగ్గర ఒక కట్టుబాటు ఉంది. పేరు రాసుకునే ముందు అందరినీ విఠోబా గుడి మండపంలో నేలమీద కూర్చోబెట్టి ఒక అభంగం పాడిస్తాడు. పాట ముగిసేసరికి రెండు చేతుల్లోనూ తాళాలు మోగుతూనే ఉండాలి, మనిషి లేచి నిలబడాలి. దారిలో తినేదీ పడుకునేదీ నేలమీదే కాబట్టి, ఒకరు లేపితే గానీ లేవలేనివాళ్ళు ఇంట్లోనే దండం పెట్టుకోవాలంటాడు తాత్యా.

హిందూరావ్ ఒకప్పుడు పేరున్న పైల్వానే. ఆయన బాదంపాల కోసం ఈవిడ రోజూ బాదంపప్పు రుబ్బింది. గిన్నె అడుగున మిగిలింది కూడా మరిదికి పోయేది తప్ప ఈమె నాలుక మీదికి రాలేదు. భార్య ఆ పరీక్ష కోసం కసరత్తు చేస్తానంటే ఆయనకి ముందు నవ్వొచ్చింది, తర్వాత వస్తాదుతనం పొంగింది. నేర్పుతానన్నాడు. తాలింఖానాలో మగపిల్లలకి నేర్పినట్టే నేర్పాడు: మడమలెత్తి బస్కీలు, బస్కీల మీద బస్కీలు, నిన్నటికంటే ఇవాళ ఒకటి ఎక్కువ, ఆగడమంటే ఓడిపోవడం. యాభై దాటిన ఆడమనిషి, ఏనాడూ పాలచుక్క ఎరగని ఎముకలు. పక్షం తిరక్కుండానే కుడి మోకాలు గుమ్మడికాయలా వాచింది. నేర్పినవాడికి సిగ్గుండాలా వద్దా? ఆయన వీధి అరుగెక్కి, "ఆడదాని ఒంటికి కసరత్తు పడదని తేలిపోయింది" అని చాటింపు వేశాడు.

మోకాలికి పసుపు పట్టు వేసుకుని మూలన కూర్చున్న శాలన్‌ని చూడ్డానికి సాంగ్లీ నుంచి ఆమె అన్న కూతురు ఉజ్వల వచ్చింది. బళ్ళో ఆటల టీచరు. జరిగిందంతా విని, ఆ పిల్ల వంటింటి గుమ్మంలోంచి వసారాలోకి వేలు చూపించింది.

"ఆత్యా, మామయ్యని పక్కనుంచి చూడు. భుజాలు రెండూ ముందుకొచ్చి ఎలా మూసుకుపోయాయో. జన్మంతా దండీలు తీసి నేలని తోశాడు. ఒక్కనాడైనా తాడు పట్టుకుని లాగాడా? ఎంత తోస్తామో అంత లాగాలి. ఎంత వంగుతామో అంత వెనక్కి విరుచుకోవాలి. నీదీ అదే కథ. ఊడ్చినా రుబ్బినా అన్నీ ముందుకు వంగే పనులేగా?"

శాలన్ ఎవరి వంటింట్లోనైనా వెనక్కి విరుచుకునే పని ఒక్కటైనా ఉందేమోనని వెతికింది. దొరకలేదు. ఆమెకి మోకాలి నొప్పికంటే పెద్ద కోపం వచ్చింది, ఎవరి మీదో చెప్పలేని కోపం.

వాపు తగ్గాక ఇద్దరూ కూర్చుని ఆ ఇంట్లో ఉన్నవాటితోనే కసరత్తు అల్లుకున్నారు. గోడకి చేతులానించి తోయడం. అది తేలికయ్యాక వంటగట్టు అంచు పట్టుకుని తోయడం. పాత తొమ్మిది గజాల చీరని మెలిపెట్టి అటక దూలం మీంచి వేసి, దాని కొసలు పట్టుకుని వెనక్కి వాలి, ఒంటిని ముందుకి లాక్కోవడం. బియ్యం డబ్బా మీద కూర్చుని లేవడం, మోకాలు ఊరుకుంటే డబ్బా తీసి ఎత్తుపీట, ఆ తర్వాత చపాతీ పీట. బోర్లా పడుకుని రొమ్మెత్తడం, వెల్లకిలా పడుకుని నడుమెత్తి కాసేపు నిలపడం. చేసిన మర్నాడు ఒంటికి సెలవు. ఈ సెలవు మాట విని హిందూరావ్ పగలబడి నవ్వాడు, సర్కారు ఉద్యోగమా అన్నాడు. ఎవరి మోకాళ్ళు ఎక్కడున్నాయో చూసుకుని నవ్వాల్సింది.

ఎందుకంటే ఆయన నేలమీద కూర్చుని ఏళ్ళయింది. కుర్చీ దిగడు. వస్తాదు హోదా కాబోలని వీధి అనుకునేది. పొద్దున్నే ఎవరూ లేవకముందు శాలన్ రెండు చేతులూ పట్టి లాగితే గానీ ఆయన మంచం దిగలేడు. ఈ సంగతి కొడుకు రణజిత్‌కి కూడా తెలియదు. తెలియనివ్వలేదు ఆవిడ. మొగుడి పరువు ఆవిడ వీపు మీద నడిచేది, ఆవిడ వీపు మాత్రం ఊరి నవ్వులపాలు.

అక్కడితో ఆగాడా? ఆడది వసారాలో కసరత్తు చేస్తుంటే మారుతి చూడకూడదని, గోడ మీది పటం తీయించి లోపలి గదిలో పెట్టించాడు. సీతమ్మ కోసం సముద్రం దాటిన దేవుడు శాలన్ గుంజీలు చూసి మైలపడతాడట! ఆమె పటం జోలికి పోలేదు. పీట జోలికే పోయింది. వానలు వెళ్ళాయి, చలి వచ్చింది, చపాతీ పీట కూడా అక్కర్లేకుండా పోయింది.

జ్యేష్ఠమాసంలో తాత్యా మండపంలో పేర్లు రాశాడు. హిందూరావ్ కుర్చీ తెప్పించుకుని మరీ వచ్చి ముందువరసలో కూర్చున్నాడు. అభంగం నడిచింది. చివరి చరణంలో శాలన్ పాదాలు దగ్గరికి తీసుకుని, బరువు ముందుకి తెచ్చి, తాళం ఒక్కటి తప్పకుండా లేచి నిలబడింది. పక్కన ఆమెకంటే చిన్నది ఒకామె నేలకి చెయ్యి ఊనింది. తాత్యా కళ్ళద్దాలు సర్దుకుని, "శాలన్ వదినా, నీ పేరు మొదట రాస్తున్నా" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇంటికొచ్చాక హిందూరావ్ వెళ్ళడానికి వీల్లేదన్నాడు. మోకాలు మళ్ళీ తిరగబెడుతుందన్నాడు. వానలన్నాడు. గల్లీ ఏమనుకుంటుందన్నాడు. ఆమె ప్రతిదానికీ ఒక్కో జవాబు చెప్పింది. అన్నీ అయిపోయాక ఆయన కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని, గొంతు తగ్గించి అన్నాడు:

"పొద్దున్నే నన్ను లేపేదెవరే?"

బస్తా అన్నది ఇందుకా? మోకాలు వాచిపోతే అరుగెక్కి చాటింది ఇందుకా? ఏడాదిపాటు ఆమె ఒంటికి పెట్టిన వంకలన్నీ ఆయన ఒంటివి. శాలన్‌కి ఒళ్ళంతా మండింది.

"ఈ మాట పోయినేడే అడిగుంటే నేను ఆగిపోయేదాన్నండీ" అంది. "నిజంగా ఆగిపోయేదాన్ని. మీ మోకాళ్ళు దాచడానికి నా మోకాళ్ళని ఊరందరికీ చూపించారు. అందుకే వెళ్తున్నాను."

మర్నాడు పొద్దున్నే ఆమె మంచం దగ్గరికి వెళ్ళలేదు. రణజిత్‌ని లేపి, నాన్నని మంచం దింపమంది. వాడు ఆవులిస్తూ వెళ్ళి ఒక చేత్తో పట్టుకోబోయాడు. ఆ బరువుకి తూలి గోడకి కొట్టుకున్నాడు. రెండోసారి రెండు చేతులా పట్టి, పళ్ళు బిగించి లాగితే పెద్దాయన లేచాడు. వాడు రొప్పుతూ, "ఇంతకాలం ఇది ఎవరు చేస్తున్నారు నాన్నా?" అని అడిగాడు. హిందూరావ్ వంటింటి వైపు చూశాడు. అక్కడ శాలన్ ఈసారి తన కోసం రొట్టెలు మూట కట్టుకుంటోంది.