ఎర్రబడని దీపాలు

అకేయో పదిహేనేళ్ళు సరస్సు ఒడ్డున ఎంబీటా రేవులో చేపలు కోసింది. ఒక చేప కోయగానే పలక కడిగి, తుడిచి, అప్పుడే రెండోది ముట్టుకునేది. "చేపకి పెళ్ళి చేస్తున్నావా తల్లీ?" అని పక్కవాళ్ళు ఏడిపించేవాళ్ళు. సాయంత్రాలు కంప్యూటర్ నేర్చుకుని మా జాలర్ల సంఘం ఆఫీసులో చేరాక కూడా ఆ కడుగుడు జబ్బు వదల్లేదు.

మా పడవలన్నిటిలో ఒక చిన్న పెట్టె ఉంటుంది. పచ్చదీపం వెలిగితే సరస్సు నెమ్మదిగా ఉన్నట్టు, ఎర్రదీపమైతే గాలివాన వస్తున్నట్టు. నడినీళ్ళలో ఫోన్లు పలకవు కాబట్టి ఆ దీపమే దిక్కు. ఏది వెలగాలో అకేయో రాసిన ప్రోగ్రామ్ ఒడ్డు నుంచి రేడియోలో చెప్తుంది. పెట్టెలు తయారుచేసింది నేను.

ఆ గురువారం ఉదయం పది గంటలకు ఆమె ముఖం పాలిపోయింది. గాలి వేగం వివరాలు పంపే కంపెనీవాళ్ళు అంకెలు రాసే తీరు చెప్పాపెట్టకుండా మార్చారు. మా ప్రోగ్రామ్ వాటిని చదవలేక, గాలే లేదనుకుని పచ్చదీపం వెలిగించింది. నిజానికి మధ్యాహ్నం రెండు గంటలకు పెనుగాలి రానుంది. నూట ఎనభై పడవలు నీళ్ళ మీదున్నాయి. అందులో ఒకటి ఆమె తమ్ముడు ఒగ్వేనోది.

"రెండు లైన్లు మారిస్తే చాలన్నా," అంది. మార్చింది. మార్చి, అలవాటు కొద్దీ పాత ప్రోగ్రామ్‌ని ఆపేసి దాని తాలూకు సమస్తం తుడిచేసింది. కొత్తది తయారవ్వాలంటే ఎవరెవరో రాసిపెట్టిన మూడు వందల ప్రోగ్రామ్ ముక్కలు కావాలి. అవన్నీ సముద్రం అవతల ఒకే సర్వర్‌లో ఉంటాయి. ఎప్పుడూ అక్కణ్ణుంచే తెచ్చుకుంటాం. ఆ పూట సర్వర్ పలకలేదు.

మళ్ళీ నొక్కింది. పలకలేదు.

"ఇక్కడో కాపీ ఉంచుకోమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? పూటపూటా ఉప్పుకి పక్కూరికి పరిగెత్తే సంసారం!" అని అరిచాను. భయమేసి అరిచాను.

"తిట్టడం సాయంత్రం చూద్దాం. ఏం చెయ్యాలో చెప్పు."

ఏం చెప్పను? ఏరు దాటకముందే తెప్ప తగలేసుకున్నాం. కొత్త కబురు అందకపోతే పెట్టెలో పాత దీపమే వెలుగుతూ ఉంటుంది. అంటే పచ్చదే. అలా చేసింది నేనే.

అరగంట నొక్కీ నొక్కీ, చివరికి రేవుపెద్ద న్యక్వాకాకి ఫోన్ చేసింది. ఆయన ఎర్రగుడ్డలిచ్చి నాలుగు మోటారు పడవలు పంపి, ఒకదాంట్లో తనే ఎక్కాడు. పడవలు ఒకటొకటే తిరిగొచ్చాయి. రెండింటికి గాలి లేచింది. ఒగ్వేనో రాలేదు. అకేయో ఒడ్డున నిలబడి వచ్చిన పడవల్ని లెక్కపెడుతూ ఉంది. నాకు ఆమె వైపు చూడాలంటేనే భయమేసింది.

నాలుగున్నరకి వచ్చాడు, వలలు పోగొట్టుకుని, పడవలో సగం నీళ్ళతో.

"గుడ్డ ఊపి గొంతు చించుకున్నానమ్మా," అన్నాడు న్యక్వాకా. "పెట్టె చూపించి నవ్వాడు వీడు!"

ఒగ్వేనో పళ్ళు టకటకలాడుతున్నాయి. "నీ దీపం పచ్చగా ఉందిగా అక్కా. ముసలాయనకి చాదస్తం అనుకున్నా."

మర్నాడు పొద్దున్నే సర్వర్ ఏమీ ఎరగనట్టు పలికింది. మూడు వందల ముక్కలూ నాలుగు నిమిషాల్లో వచ్చిపడ్డాయి. ఈసారి అన్నిటికీ రెండు కాపీలు తీశాను. పాత పచ్చదీపాలన్నీ ఆర్పేసి, ఇక దీపం తనంతట తాను మారకుండా, తను నొక్కితేనే వెలిగేలా అకేయో మార్చింది. గాలి అంకెలు మూడుసార్లు చూసుకుంది. సరస్సు దీవుల్లోవాళ్ళకి ఫోన్ చేసి అడిగింది. అంతటా నెమ్మదే. అయినా నొక్కలేకపోయింది.

అరువు వల భుజాన వేసుకుని ఒగ్వేనో గుమ్మంలోకి వచ్చాడు. "ఏంటక్కా, వెలిగించవా? అందరూ ఆకాశం చూసుకుని వెళ్ళిపోతున్నారు."

"నువ్వూ చూసుకోరా."

"నాకెందుకు? నువ్వున్నావుగా."

ఆమె మళ్ళీ గాలి అంకెల వైపు తిరిగింది, వేలు బటన్ మీదే. వాడు ఒడ్డున ఉన్న తన పడవలోని పెట్టె వైపు చూస్తూ నిలబడ్డాడు.