పెళ్లిచూపుల్లో పట్టిన కునుకు

ఆ రోజుల్లో నాకు నిద్ర రాకపోవడం ఒక బాధయితే, రాకూడని చోట రావడం అంతకంటే పెద్ద బాధ. తప్పు నాది కాదు, మా ఇంటిది. సిరిసిల్లలో మా ముందు గదిలో సాంచాలు (మరమగ్గాలను మేమలాగే అంటాం) రాత్రీ పగలూ ఆడుతుండేవి. ఆ చప్పుడులోనే నేను పుట్టాను, పాకాను, పరీక్షలకు చదవాల్సినప్పుడు హాయిగా నిద్రపోయాను. ఇంటికి వచ్చిన చుట్టాలు చెవుల్లో దూది పెట్టుకొని తెల్లవార్లూ కూర్చునేవారు. మాకేమో కరెంటు పోయి సాంచాలు ఆగితేనే ఉలిక్కిపడి మెలకువ వచ్చేది. అలాంటి నాకు జగిత్యాలలో ఒక మందుల దుకాణంలో ఉద్యోగం దొరికింది. ఉండడానికి దొరికిన గది మాత్రం చీమ చిటుక్కుమనని వీధిలో. మంచి వీధి, పెద్దమనుషుల వీధి అని అందరూ మెచ్చుకున్నారు. ఆ నిశ్శబ్దానికి నాకు చెవులు హోరెత్తేవి.

నిద్ర రాదు గనక సెల్‌ఫోన్ చూసేవాణ్ణి, సెల్‌ఫోన్ చూస్తాను గనక అసలే రాదు. తెల్లారాక ప్రపంచమంతా మబ్బుల మీద నడుస్తున్నట్టుండేది. దగ్గు మందు అడిగినావిడకు మోకాలి పట్టీ ఇచ్చి పంపాను (ఆవిడ కాసేపటికి తిరిగొచ్చి, "గొంతుకు కట్టుకోవాల్నా తమ్మీ?" అని మర్యాదగానే అడిగింది). సెలవుకు ఇంటికెళ్లి వస్తూ బస్సులో కునుకు తీస్తే జగిత్యాల దాటి గొల్లపల్లిలో కండక్టరు లేపాడు. చివరికి మా షావుకారు విసిగిపోయి, "గీ రోగానికి నా దుకాణంల మందు లేదురా. పెండ్లి చేసుకో, గదే కుదురుతది" అన్నాడు.

అమ్మ కూడా ఆ మాట కోసమే కాచుకున్నట్టు కోరుట్లలో ఒక సంబంధం చూసింది. అమ్మాయి ఫొటో నా సెల్‌ఫోన్‌కు వచ్చింది. నవ్వాలా వద్దా అని ఆలోచిస్తూ నవ్వినట్టు ఉంది ఆ ముఖం. ఉన్న కాస్త నిద్రా దాంతో పోయింది. ఈ పిల్ల కాదంటే మరొకరిని చూడాలన్న ఆశ కూడా నాలో లేదు. అందుకే పెళ్లిచూపుల రోజు కోరుట్ల చేరేదాకా బస్సులో, అమ్మతో పాటు వచ్చిన మేనమామ నన్ను గిచ్చుతూనే ఉన్నాడు. "నిద్రపోకురా, పరువు పోతది" అంటూ మోచేయంతా కందగడ్డ చేశాడు.

వాళ్లింట్లో సోఫా మెత్తగా ఉంది. అమ్మాయి చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. ఆమె తండ్రి నా పక్కన కూర్చొని, "దుకాణం పొద్దుగాల ఎన్నింటికి తెరుస్తరు బాబూ?" అని అడిగాడు. నేను నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే గోడ అవతల ఆయన నడిపే కారం మర, అదే గిర్ని, మొదలైంది. నేల సన్నగా అదిరింది, గోడ అదిరింది, సోఫా అదిరింది. ఎవరో నన్ను ఎత్తుకొని మా ముందు గదిలో పడుకోబెట్టినట్టనిపించింది. ఆ తర్వాత సంగతి అమ్మ చెప్తే తెలిసిందే: నేను కాబోయే మామగారి భుజం మీద తల వాల్చి గుర్రు పెట్టానట.

గిర్ని ఆపించగానే నాకు మెలకువ వచ్చింది. అందరూ నిలబడి ఉన్నారు. "పొద్దుగాల్నే కల్లు తాగచ్చిండా ఏంది పిలగాడు?" అంటున్నాడాయన. అమ్మాయి నాయనమ్మ వంగి నా నోరు వాసన చూసి, "కల్లు కాదు కొడుకా, పండ్లపొడి వాసనస్తంది" అని, నేను పళ్లు తోముకొచ్చిన సంగతి తేల్చింది.

అమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. "తాగుడెరుగడన్నా! ఇంట్ల సాంచాలుంటయి, గా సప్పుడు లేకుంటె వీనికి నిద్ర రాదు. మీ గిర్ని సప్పుడినంగనే పానం సుఖమైంది."

ఆయన నమ్మలేదు. "గట్లనా? గిర్ని మల్ల పెట్టిస్త. పండుమను, సూద్దాం."

గిర్ని ఆడింది. ఇంటిల్లిపాదీ నా చుట్టూ మూగి నా రెప్పల వంకే చూస్తున్నారు. నిద్రపోతే యోగ్యుణ్ణి, పోకపోతే తాగుబోతును. ఒక్క కునుకు రాదే! "పండురా, పరువు పోతది!" అని మేనమామ మళ్లీ గిచ్చాడు. ఈ పిల్ల ఇక నాకు దక్కదనుకున్నాను.

అప్పుడు ఆమె మొదటిసారి నోరు విప్పింది. "గుడ్లప్పగించి గిట్ల సూస్తె ఎవ్వలికి నిద్రస్తది నాయినా? లేవుండ్రి, అవతలికి నడువుండ్రి." అందరినీ బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసి, తాను మాత్రం గడపలో కూర్చుంది.

నేను లేచేసరికి ఎండ వాలిపోయింది. నా మీద ఎవరో దుప్పటి కప్పారు. లోపల భోజనాలయ్యాయి, మాటా ఖాయమైంది. ఆమె ఇంకా గడపలోనే ఉంది.

"నిద్రల ఏదో మాట్లాడిండ్రు" అంది.

"ఏమన్న?"

"ఇప్పుడు చెప్ప. పెండ్లయినంక చెప్త."

పెళ్లయింది, ఇద్దరు పిల్లలయ్యారు, ఇప్పటికీ చెప్పలేదు. ఎప్పుడడిగినా ఆ ఫొటోలోలాగే నవ్వి ఊరుకుంటుంది. సోఫాలో నోరు తెరుచుకొని పడుకున్న ఆ పిల్లగాడు ఏమన్నాడో గానీ, మెలకువగా ఉండి నేనెన్నడూ ఆమెతో అంత మంచి మాట అనలేకపోయాను.