మా రొయ్యల గుంటలో చిక్కిన నీటికాకి

ఈ రోజు చర్చి నుంచి వస్తూ అల్లూరు దగ్గర మా రొయ్యల గుంట చూసిపోదామని ఆగాం. పక్షులు దిగకుండా గుంట మీద మా ఆయన కట్టిన నైలాన్ దారాల్లో ఒక నీటికాకి చిక్కుకుని, ఒంటి రెక్క మీద వేలాడుతోంది. రోజూ ఆ పక్షుల్ని దొంగలని తిట్టే మనిషి, చర్చికి వేసుకున్న తెల్లచొక్కాతోనే నీళ్లలోకి దిగాడు. దాన్ని కట్ట మీదికి తెచ్చి, తల మీద చేతిగుడ్డ కప్పి, రెక్కకు చుట్టుకున్న దారాన్ని కొంచెం కొంచెంగా కత్తిరించాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా వేలు తెగితే అంత ఓపికగా కట్టు కట్టింది లేదు.

వదలగానే అది కట్ట మీద కాసేపు రెక్కలు ఆరబెట్టుకుంది. ఎగిరిపోతుందనుకుంటే, నేరుగా మా గుంటలోనే మునిగి ఒక రొయ్యతో పైకి తేలింది.

"తోలేదా?" అని అడిగాను.

"తిననీలే, ఎప్పటి నుంచి యాలాడతా ఉండాదో. దారం దానికి కనపడలా. పాత చీరలు చించి దారాలకు పీలికలు కట్టాల."

"ఎవరి చీరలు?"

ఇంటికొచ్చాక భోజనం కాగానే వెళ్లి నా బీరువా తెరిచాడు. ముదురు రంగయితేనే పక్షులకు కనబడుతుందట. మీ ఇళ్లలో ఏది పాత చీరో తేల్చేది ఎవరు? కాస్త త్వరగా చెప్పండి, ఆయన చెయ్యి నా ఎర్ర ధర్మవరం చీర మీద ఉంది.