ఎత్తు బండి, బాపు మోకాలు

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు హైదరాబాదు నుంచి జనగామ వచ్చి, నా పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుని, ఫోనులో మూడు బండ్ల బొమ్మలు చూపించి, వీటిలో ఏది కొనమంటావో చెప్పమంది. ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల, సెలవు దొరికితే కొండలూ అడవులూ తిరగాలని సరదా. అందుకని ఈమధ్య అడ్వెంచర్ బైకులని వస్తున్నాయే, గుర్రమంత ఎత్తున ఉండి ముందు మడ్‌గార్డు టైరుకు అంటకుండా పైకి లేచి ఉండేవి, అలాంటిదొకటి కొంటుందట. నేలకూ ఇంజనుకూ మధ్య జాగా ఎంత, ట్యాంకులో పెట్రోలు ఎంత పడుతుంది, బరువెంత, అన్నీ గడగడా చదివి వినిపించింది. ఏళ్ళ తరబడి బండి మీదే బతికినవాణ్ని కనుక నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని దాని నమ్మకం. నేను మాత్రం, వెనక ఎవరు కూర్చుంటారమ్మా అని అడిగాను. "ఎవ్వరు కూసోరు పెద్దబాపూ, నేనొక్కదాన్నే పోత" అని నవ్వేసింది. అట్లయితే ఏదైనా ఒకటేనని అన్నాను. పాపం చిన్నబుచ్చుకుంది, పెద్దబాపుకు విసుగొచ్చిందని అనుకుని ఉంటుంది. విసుగు కాదు, అలసట. బండి ఎంచుకోవడమన్న మాట వింటేనే నాకు ఒళ్ళు బరువెక్కుతుంది, ఎందుకో చెప్పాలంటే ఉద్యమం రోజుల దాకా వెనక్కి పోవాలి.

నేనప్పుడు ఒక విత్తనాల కంపెనీలో ఫీల్డు మనిషిని. పేరుకు ఆఫీసు జనగామలోనే గానీ తిరుగుడంతా ఇటు కేసముద్రం మార్కెట్టు యార్డు నుంచి అటు భూపాలపల్లి దాటి కాటారం అడవి అంచుల దాకా. రైతుల చేలల్లో మొలక సరిగ్గా వచ్చిందా, పత్తికి కాయ పట్టిందా, పురుగేమైనా కనిపిస్తోందా అని చూసి రావడం నా పని. మొదట్లో బస్సులనే నమ్ముకుని కాలికి బలపం కట్టుకుని తిరిగేవాణ్ని. ఉద్యమం ఊపందుకున్నాక పొద్దున జనగామలో ఎక్కిన బస్సు పరకాలలో ఆగిపోయేది, ఒకరోజు బంద్, మరురోజు రాస్తారోకో, ఆ మరురోజు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు. తప్పని అనడానికి నోరు రాదు, మేమూ అడుగుతున్నది అదే రాష్ట్రం కదా. కానీ ఎండలో నాలుగు ఊళ్ళు నడిచి ఇంటికి చేరినవాడికి ఆ న్యాయమంతా గుర్తున్నా కాళ్ళ నొప్పులు మాత్రం తగ్గవు. అలా బండి కొనక తప్పింది కాదు.

మాలాంటి ఇళ్ళల్లో బండి కొనడమంటే ఆ రోజుల్లో ఎంత పెద్ద ముచ్చటో నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. నెల రోజులు కనిపించినవాళ్ళందరినీ అడిగాను. ఆఫీసులో మైలేజీ ఇచ్చే సన్న బండి కొనమన్నారు, పాలు పోసే ఆయన క్యాన్లు తగిలించినా చెక్కుచెదరని తన మొరటు బండినే మెచ్చుకున్నాడు, మా వీధి చివరి మెకానిక్ మాత్రం, "అన్నా, గా కాటారం దిక్కు మట్టి రోడ్ల మీద సన్న బండి తోల్తే నీ నడుము పోతది. జర ఎత్తుది చూడు" అన్నాడు. నాకు ఆ మాటే నచ్చింది. నిజం చెప్పాలంటే నడుము కోసం ఒక్కటే కాదు, ఎత్తు బండి మీద కూర్చుంటే నలుగురూ తలెత్తి చూస్తారన్న సోకు కూడా ఉంది. అడవి కాంట్రాక్టరు దగ్గర పనిచేసి మానేసిన ఒకాయన అమ్ముతుంటే ఆయన దగ్గరే పాతదొకటి కొన్నాను. వాగులో దింపితే ఇంజను మునగదు, బండరాయి అడుగున తగలదు, చేల గట్ల మీద కూడా పోతుంది. వాగు లోతు, రాయి ఎత్తు, నా కాళ్ళ పొడవు అన్నీ చూసుకున్నాను, ఇంట్లో ఇంకెవరు ఎక్కుతారన్నది మాత్రం చూసుకోలేదు. మా ఇంటామె దాన్ని చూసి, చీర కట్టుకున్న మనిషి ఇంత ఎత్తు ఎట్లెక్కాలని ఒక్కసారి అడిగింది, నేను వాగులూ రాళ్ళ లెక్క ఎత్తుకునేసరికి మళ్ళీ అడగలేదు.

మా నాన్న, బాపు, బండి చుట్టూ ఒకసారి తిరిగి, సీటు మీద అరచెయ్యి ఆనించి చూసి, "మంచిగున్నది" అని లోపలికి పోయాడు. ఆ సాయంత్రమే సన్న బ్రష్షూ రంగు డబ్బాలూ తెప్పించుకుని, పీట వేసుక్కూర్చుని, నంబరు ప్లేటు మీద ఏపీ అన్న అక్షరాలు చెరిపి టీజీ అని రాశాడు. ఉద్యోగమంతా గుమాస్తాగా చేసిన చెయ్యి, అక్షరాలు అచ్చులో పోసినట్టు వచ్చాయి. అప్పట్లో అందరూ అలాగే రాయించుకుంటున్నారు గానీ ఇంటి పెద్దమనిషే కూర్చుని రాసుకున్నది మా వీధిలో మా ఒక్క ఇంట్లోనే. బండి వచ్చిన సంబరం కన్నా ఆ రెండక్షరాల సంబరమే ఆయన మొహంలో ఎక్కువ కనిపించింది.

బాపు కుడి మోకాలు సరిగ్గా వంగదు. అరవై తొమ్మిది ఉద్యమంలో ఆయనా, ఇంకో ముగ్గురు దోస్తులూ జనగామలో ఒకే గదిలో ఉండి చదువుకునేవారట. ఒకరోజు పోలీసులు తరిమితే నలుగురూ గోడ దూకారు, ముగ్గురు బాగానే దిగారు, బాపు మోకాలి మీద పడ్డాడు. అక్కడి నుంచి దవాఖాన దాకా ఆయన్ను వీపున వేసుకుని మోసింది కాటారం దోస్తు. మిగతా ఇద్దరిలో ఒకాయనది కేసముద్రంలో ధాన్యం వ్యాపారం చేసే ఇల్లు, ఇంకొకాయన టేకుమట్లలో వ్యవసాయం చేసుకునే మనిషి. నలభై ఏళ్ళ తరవాత మళ్ళీ ఉద్యమం వచ్చి, ఊరూరా షామియానాలు వేసి రిలే దీక్షలు మొదలయ్యేసరికి బాపుకు ఒకటే కోరిక పుట్టింది, ఆ ముగ్గురి పక్కనా వాళ్ళ వాళ్ళ ఊళ్ళలోనే ఒక్కో రోజు దీక్షలో కూర్చోవాలని. ఫోనులో ముగ్గురికీ మాట కూడా ఇచ్చేశాడు.

సకల జనుల సమ్మె మొదలై బస్సులు పూర్తిగా ఆగిపోయాయి, ఇక మిగిలింది నా బండే. రేపు కేసముద్రం పోతున్నా రమ్మంటే, "నాకేం పనిలే బిడ్డా, నువ్వు పోయిరా" అన్నాడు. రెండోసారీ అంతే, మూడోసారి కడుపులో మంచిగ లేదన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మాటలకే ఉద్యమం, తీరా ఎండలో కూర్చుందాం పదమంటే మొహం చాటేస్తున్నాడని ఇంటామె ముందు గట్టిగానే అన్నాను. లోపలి గదిలో ఉన్న ఆయనకు వినిపించే ఉంటుంది.

రెండు రోజుల తరవాత, ఊళ్ళ పని లేక ఆఫీసుకు నడిచే పోయి, మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చాను. బండి అరుగు పక్కన పెట్టి ఉంది, బాపు అరుగు మీద నిలబడి, ఒక చేత్తో స్తంభం పట్టుకుని, వంగని కాలును సీటు మీదుగా అవతలికి వెయ్యాలని చూస్తున్నాడు. చెమటలు కారుతున్నాయి. నన్ను చూసి దొంగతనం బయటపడినవాడిలా చెయ్యి వదిలేశాడు. "కింది నుంచైతే ఎక్కరాదు బిడ్డా, గందుకే జర మీది నుంచి చూస్తున్న" అన్నాడు. పోయి హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాను, ఆయన నా భుజం ఆసరా చేసుకుని నెమ్మదిగా ఎక్కి కూర్చున్నాడు.

ఎక్కడం సరే, దిగేదెట్లా అన్నది తరవాతి పరేషాన్. బాపు బండి దిగాలంటే అరుగంత ఎత్తున ఏదో ఒకటి పక్కన ఉండాలి, కనుక మా ప్రయాణాలన్నీ ఎత్తు చూసుకుంటూ సాగాయి. పాలకుర్తి దాటాక ఒక కల్వర్టు గోడ, మానుకోట దగ్గర మూసేసిన హోటలు అరుగు, ఊళ్ళ నడిమిట్ల పార్టీల జెండా గద్దెలు, ఏ గద్దె ఏ పార్టీదో ఆయన చూసుకోలేదు, నేనూ చూసుకోలేదు. కేసముద్రంలో యార్డు ప్లాట్‌ఫారం సరిగ్గా బండి సీటుకు సమానంగా వచ్చింది. బస్తాలు దింపే చోట బాపు దిగుతుంటే ఆయన దోస్తు, తెల్ల ధోవతి మనిషి, అటు నుంచి చేతులు చాచి, "దించుకోండ్రా, మనకు లోడొచ్చింది" అని హమాలీలను పిలిచాడు. ఇద్దరూ సాయంత్రం నిమ్మరసం ఇచ్చేదాకా మెడలో దండలతో పక్కపక్కన కూర్చుని గోడ దూకిన ముచ్చటే ఎన్నిసార్లు చెప్పుకున్నారో. వారం తిరక్కుండా టేకుమట్ల కూడా అయింది, అక్కడ జెండా గద్దె కొంచెం పొట్టిది కావడంతో ఇద్దరు రైతులు ఆయన్ను చంకల కింద చేతులు వేసి దించారు.

ఇవన్నీ ఇప్పుడు తీయగా చెబుతున్నాను గానీ అప్పుడు నాకు తల ప్రాణం తోకకు వచ్చేది. వెనక మనిషి కాలు చాపి కూర్చుంటే బండి ఒక పక్కకు లాగుతుంది, దాన్ని ఆపుతూ తోలితే సాయంత్రానికి భుజాలు పనికిరావు. ఆగిన ప్రతిచోటా "నిన్ను పరేషాన్ చేస్తున్న బిడ్డా" అనేవాడు. లేదు బాపూ అనాలి కదా, ఊరుకునేవాణ్ని.

మిగిలింది కాటారం. అన్నిటికన్నా దూరం, ఆయనకు అన్నిటికన్నా ముఖ్యం. ఆ దోస్తుకు ఒంట్లో బాగుండటం లేదు, అయినా ఫలానా రోజు ఇద్దరం కూర్చుందామని ఫోనులో అనుకున్నారు. ఆ ముందు రోజంతా నేను వానలో చేలు తిరిగి వచ్చాను. తెల్లారి లేచేసరికి బాపు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, అరుగు మీద తయారుగా నిలబడి ఉన్నాడు. అంత దూరం, ఆ గతుకులు, మళ్ళీ ఆ గద్దెల వెతుకులాట తలుచుకునేసరికి నా ఒళ్ళు మొరాయించింది. అలిసిపోయానని చెబితే సరిపోయేది. చెప్పలేదు. బండికి చైను లూజయింది బాపూ, దారిలో తెగితే ఇబ్బంది, ఇంకోరోజు పోదామన్నాను.

ఆయన అరుగు దిగి, కుంటుకుంటూ వీధి చివరికి పోయి, మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. అతను బండి పక్కన కూర్చుని చైను పట్టి చూశాడు, తలెత్తి నన్ను చూశాడు. నేను అటు తిరిగాను. "ఔ బాపూ, జర లూజే ఉన్నది" అని, పానా తీసి లూజే లేని చైనును కాసేపు తిప్పి, అయిపోయిందని లేచాడు. బాపు అతనికి చాయ్ తాగించి పంపించి, "ఇంక పోదమా బిడ్డా?" అన్నాడు. ఇప్పుడు బయలుదేరితే పొద్దుపోతుంది, వచ్చే వారం తప్పకుండా పోదామన్నాను. ఆయన నా మొహంలోకి ఒక క్షణం చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు. లోపలికి పోయి ఇస్త్రీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, మామూలు బనీను మీద బయటికి వచ్చి పేపరు చదువుకున్నాడు.

వచ్చే వారం రాలేదు. అంతకు ముందే కాటారం దోస్తు పోయాడని ఫోను వచ్చింది. నేను బండి బయటికి తీయబోతే, "ఇంక పోయి ఏం చేస్తం" అన్నాడు బాపు. ఆ తరవాత ఆయన నా బండి ఎక్కలేదు. రాష్ట్రం వచ్చిన జూన్ రెండున పొద్దున చౌరస్తాలో అందరూ రంగులు చల్లుకుంటున్నారు, నేను బండి తెచ్చి అరుగు పక్కన పెట్టాను. "నడిచే పోత బిడ్డా, దగ్గరే గద" అని కర్ర పట్టుకుని బయలుదేరాడు. నేను వెనకే నడిచాను. దగ్గరేమీ కాదు, మూడుచోట్ల ఆగి ఊపిరి తీసుకున్నాడు.

బాపు పోయి చాలా ఏళ్ళయింది. పోయిన నెల ఒక పెళ్ళికని కారులో కాటారం పోయాను. జనగామ నుంచి అక్కడి దాకా దారి నల్లగా నున్నగా ఉంది, మధ్యలో ఒక్కచోట కూడా నడుము కదల్లేదు. పెళ్ళి అయ్యాక ఉండబట్టక ఆ దోస్తు ఇల్లు అడుక్కుంటూ వెళ్ళాను. ఆయన భార్య ఉన్నది, బాగా ముసలిదైంది. ఫలానా వాళ్ళ కొడుకునని చెప్పగానే చెయ్యి పట్టుకుని ఇంటి ముందుకు తీసుకొచ్చి, మురుగునీళ్ళ మోరీ పోయే చోటు చూపించింది. "ఈడనే బిడ్డా గద్దె కట్టిచ్చిండు. మీ బాపుకు కింద దిగరాదట గద, గది ఫోన్ల చెప్పిండట. జరమొచ్చినా వినకుండ మేస్త్రీని పిలిచి, ఇటుకలు తెప్పిచ్చి, పొద్దుమాపు నీళ్ళు కొట్టుకుంట కూసున్నడు. బండి ఖరాబైందని మీ బాపు ఫోన్ జేసిండు. పాపం బండి ఖరాబైతె మీరు మాత్రం ఏం జేస్తరు?" అన్నది. అవును పెద్దమ్మా అన్నాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ గద్దెను కొట్టేశారట.

నేను చెప్పిన అబద్ధాన్ని బాపు, అది అబద్ధమని తెలిసి కూడా, తన దోస్తుకు నిజంలా చెప్పి నన్ను కాపాడాడు. ఇప్పుడా దారికి ఎత్తు బండి అక్కర్లేదు, ఏ బండి వేసుకుపోయినా చీకటి పడకముందే తిరిగి రావచ్చు, తీసుకుపొమ్మని అడిగే మనిషే లేడు. పడుకున్నప్పుడు అప్పుడప్పుడు, ఆ పొద్దున నేను నిజంగా ఎంత అలిసిపోయి ఉంటానో గుర్తు తెచ్చుకోవాలని చూస్తాను. ఆ ఉద్యోగంలో పడ్డ వేరే కష్టాలన్నీ గుర్తొస్తాయి, ఆ ఒక్కరోజు నొప్పి మాత్రం ఎంత వెతికినా ఒంట్లో ఎక్కడా దొరకదు.