గోదారి మీద మంగక్క ఈల

కుక్కరు మొదటి ఈల వేసినప్పుడల్లా నా గుండె గతుక్కుమంటుంది. "పప్పు ఉడికింది నాయనమ్మా, పులేం రాలేదు" అని మనవరాలు నవ్వుతుంది. దానికేం తెలుసు? ఆ ఈల చెవిన పడగానే నా ముక్కుకు గోదారి మంచు వాసన తగులుతుంది. కాళ్ల కింద లాంచీ చెక్క ఊగుతుంది. ఆ వెనకే మంగక్క కనిపిస్తుంది.

మంగక్క మా అత్తవారింటికి పెద్దకోడలు, నేను చిన్నకోడల్ని. డెబ్బైల చివర్లో ముక్తేశ్వరం దగ్గర కాపరానికి వచ్చాను. మీద బల్లి పడినా భయమే, అత్తగారు దగ్గినా భయమే నాకు. మంగక్క మాత్రం పిండి రుబ్బుతూ కీర్తనలన్నీ ఈలలో పాడేది. వేళ్లు పెట్టకుండా, ఉత్త పెదాలతో. అమలాపురం ఈలపాట పోటీల్లో అంతమంది మగవాళ్ల మధ్య నిలబడి రెండు కప్పులు తెచ్చుకుంది. ఒకదానిలో అత్తగారు దీపం వత్తులు వేసుకునేవారు, రెండోదానిలో వక్కలు. "వీటికి ఇంతకన్నా పనేముంది?" అనేవారు.

ఒకరోజు దీపాలు పెట్టేవేళ మంగక్క ఈల అందుకుంది. కాసేపటికే వంటింటి గడప మీద తాచుపాము! నా అరుపుకు వీధి వీధంతా వచ్చింది. పాము దాని దారిన అది పోయింది గానీ అత్తగారి కోపం పోలేదు.

"దీపాలవేళ ఈలేస్తే పాములొస్తాయని ఎన్నిసార్లు చెప్పేనే? ఇంటిల్లిపాదినీ చంపుతావా?"

"కాకినాడ పోటీకి పేరిచ్చేనండి అత్తయ్యగారూ. ఈ ఒక్కసారికీ వెళ్లనివ్వండి."

"వెళ్లు. కప్పు తెచ్చేవా, సరే. తేలేదా, ఈ ఇంట్లో మళ్లీ ఈల వినపడకూడదు. మాటంటే మాటే."

"ఆయ్" అని ఒప్పుకుంది మంగక్క. ఆ పూట పిండి ఈల లేకుండానే రుబ్బింది.

తోడుగా నన్ను పంపారు. పుష్యమాసపు పొద్దున ముక్తేశ్వరం రేవులో కోటిపల్లి లాంచీ ఎక్కాం. మంచుకు ఎదుటి మనిషి మొహం కూడా ఆనడం లేదు. సాధన కోసం మంగక్క సన్నగా ఈల తీసిందో లేదో, లాంచీ నడిపే సరంగు గభాలున తిరిగాడు.

"అమ్మగారూ, గోదారి మీద ఈలెయ్యకూడదండి. గాలి లేస్తాదండి."

ఆమె ఆపేసింది. నది నడిమికి వచ్చాక ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ఎటు చూసినా ఒకటే తెలుపు. నీళ్లు మమ్మల్ని ఎటు లాక్కుపోతున్నాయో తెలియదు. అంతలో ఇంకో లాంచీ చప్పుడు. దగ్గరవుతోంది, కానీ ఏ పక్క నుంచో అంతుపట్టదు. అందరూ కేకలు పెట్టారు. ఆ ఇంజను మోతలో మా కేకలు ఎవరికి వినపడాలి? నేను మంగక్క చేతిని గోళ్లు దిగేలా పట్టుకున్నాను.

వద్దన్న సరంగే అరిచాడు. "ఎయ్యండమ్మా! గాలొస్తే రానివ్వండి, మంచైనా పోద్ది!"

మంగక్క పెదాలు సున్నా చుట్టింది. ఉత్త గాలి వచ్చింది. భయానికి నోరు పిడచకట్టుకుపోయింది. మళ్లీ ప్రయత్నించినా అంతే. అప్పుడు వంగి, గోదారి నీళ్లు పుడిసిట పట్టి పెదాలు తడుపుకుంది. ఈసారి లేచిన ఈల నా చెవులను కోసేసింది. ఆ మోతను చీల్చుకుంటూ పోయింది. అవతలి లాంచీ మంచులోంచి నల్లగా బయటపడి, చెయ్యి చాపితే అందేటంత దూరంలో పక్కకు తిరిగింది. వాళ్లే తాడు కట్టి మమ్మల్ని లాక్కుపోయారు. ఇంకే పడవ వచ్చి గుద్దుతుందోనని, కోటిపల్లి గట్టు కనపడేదాకా మంగక్క ఈల ఆపలేదు.

కాకినాడలో వేదిక ఎక్కేసరికి ఆమె పెదాలు చిట్లి నెత్తురోడుతున్నాయి. పల్లవి సగంలోనే ఈల విరిగిపోయింది. దిగి వచ్చి, "అయిపోయిందే చిట్టీ" అంది. అంతే.

ఇంటికి చేరేసరికి అత్తగారు అరుగు మీదే కూర్చుని ఉన్నారు.

"కప్పేదీ?"

"రాలేదండి."

అత్తగారి ముందు నేను నోరు తెరిచింది ఆ రోజే. ఏడుస్తూనే లాంచీ సంగతంతా చెప్పాను. ఆవిడ లేచి లోపలికి వెళ్లారు. మంగక్క గుమ్మం బయటే నిలబడిపోయింది. నాకు మళ్లీ గోదారి నడిమిలో ఉన్నట్టే ఉంది. తిరిగి వచ్చిన అత్తగారి అరచేతిలో వెన్నముద్ద ఉంది.

"రాసుకో. పెదాలిలా ఉంటే రేపు సాధనెలా చేస్తావు?" అని లోపలికి పోతూ పోతూ, "దీపాలవేళ మాత్రం కాదు" అన్నారు.

ఆ తరవాత మంగక్క తెచ్చిన కప్పుల్లో వేయడానికి మా ఇంట్లో వత్తులూ వక్కలూ చాలలేదు. ఇప్పుడు ఆమె లేదు. నాకు ఈల వేయడం ఈనాటికీ రాదు. అయినా, మావాళ్లెవరైనా మంచులో ప్రయాణం కట్టిన పొద్దున, కాస్త వెన్న పెదాలకు రాసుకుని గుమ్మంలో కూర్చుంటాను. వేయాల్సి వస్తే ఉత్త గాలి రాకూడదు కదా.